తెర మీది గుప్తపూజ

దాచినదానిని చూడాలనే కోరిక మనిషిలో ఎంత పాతదో, దాచినది చెడ్డదే అయి ఉంటుందనే అనుమానమూ అంతే పాతది. చలనచిత్రం ఈ రెండింటినీ ఒకేసారి తృప్తిపరచగల కళ. చీకటి హాలులో కూర్చున్న ప్రేక్షకునికి అది కొండగుహను, కాగడాల వెలుగును, ముసుగు మనుషులను, అర్థంకాని మంత్రాన్ని, బలిపీఠాన్ని చూపుతుంది. ఉండరాని చోట తాను ఉన్నట్లు, చూడరానిది చూస్తున్నట్లు అతనికి తోస్తుంది. చూసిన మరుక్షణమే తీర్పు చెప్పే అధికారం కూడా అతని చేతికి వస్తుంది. రహస్యసమాజాల చిత్రాలకు దేశదేశాలలో తరగని ఆదరణ లభించడానికి ఈ రెట్టింపు సుఖం ఒక ముఖ్య కారణం. ఈ సుఖం నిర్దోషమైనదేనా, దీనికి ఎక్కడైనా ఎవరైనా మూల్యం చెల్లిస్తున్నారా అన్న ప్రశ్న సౌందర్యశాస్త్రంతో తేలేది కాదు. అది నీతికి సంబంధించినది.

తెర మీది రహస్యాలన్నీ ఒక్క కోవకు చెందవు. 1999లో విడుదలైన స్టాన్లీ కూబ్రిక్ చివరి చిత్రం 'ఐస్ వైడ్ షట్'లో ముసుగులు ధరించిన ధనికులు ఒక భవనంలో జరిపే తంతు ఉంది. ఆ సమాజానికి కథలో పేరు లేదు. పేరు లేదు గనుక దాని మచ్చ ఏ ఇంటి గడపకూ అంటదు. జాన్ హ్యూస్టన్ 1975లో తీసిన 'ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్'లో మాత్రం పేరున్న సమాజమే కనబడుతుంది. 1888లో కిప్లింగ్ ప్రచురించిన కథ దానికి ఆధారం. ఫ్రీమేసనుల చిహ్నాన్ని మెడలో వేసుకొన్న ఒక సాహసికుణ్ణి కొండప్రాంతపు పూజారులు సికందరు వారసునిగా పొరబడతారు. కిప్లింగ్ స్వయంగా 1886లో లాహోరులోని లాడ్జిలో దీక్ష తీసుకొన్నవాడు. ఫ్రీమేసనుల గురించి కథకులు ఎంత వింతగా రాసినా వారికి భవనాలున్నాయి, సభ్యుల పట్టీలున్నాయి, న్యాయవాదులున్నారు. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి నేటికీ వారి మందిరంగానే నగరవాసులకు తెలుసు. అపవాదు వస్తే బదులు చెప్పగల స్తోమత ఆ రహస్యానికి ఉన్నది.

మూడవ రకం రహస్యం ఒకటున్నది. దానికి పేరు ఉంటుంది గాని ఆ పేరు మోసేవారికి నోరు ఉండదు. భారతదేశానికి సంబంధించినంతవరకు దీనికి తిరుగులేని ఉదాహరణ థగ్గులు.

1939లో హాలీవుడ్‌లో జార్జి స్టీవెన్స్ దర్శకత్వంలో 'గంగా దీన్' వచ్చింది. వాయవ్య సరిహద్దులో ముగ్గురు బ్రిటిషు సార్జెంట్లు, వారికి నీళ్లు మోసే ఒక భారతీయుడు, వారికి ఎదురుగా కాళికను కొలిచే థగ్గుల గురువు. కాలిఫోర్నియా కొండలనే సరిహద్దు ప్రాంతంగా చూపారు. బెంగాలు, బొంబాయి రాష్ట్రాలలో ఆ చిత్రాన్ని నిషేధించారు. 1959లో బ్రిటనుకు చెందిన హామర్ సంస్థ 'ది స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే' తీసింది. 1984లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' వచ్చింది. 1988లో జాన్ మాస్టర్స్ నవల ఆధారంగా 'ది డిసీవర్స్' వచ్చింది. నటులు మారారు, సాంకేతికత మారింది. కాళికా విగ్రహం ముందు కాగడాలు పట్టుకొని ఊగే జనసమూహం మాత్రం మారలేదు.

ఈ దృశ్యం ఎక్కడినుంచి వచ్చింది? దాని మూలం వెదుకుతూ పోతే కంపెనీ కచేరీల కాగితాల దగ్గరికి చేరుతాము. అందులో తొలి పుటలు తెలుగు నేలకు దగ్గరవి. 1807 ప్రాంతంలో చిత్తూరు, ఆర్కాటుల నడుమ బాటసారులను ఉరిబిగించి చంపే ముఠాలవారు పట్టుబడ్డారు. వారిని అక్కడ ఫాసీగర్లు అన్నారు. మద్రాసులో వైద్యుడుగా ఉన్న షెర్‌వుడ్ 1816లో వారి గురించి రాసిన వ్యాసం ఉత్తరాది అధికారులకు దారి చూపింది. ఆ తర్వాత విలియం స్లీమన్ జబల్పూరు కేంద్రంగా థగ్గుల అణచివేతను నడిపించి, వారి సంకేతభాష మీద 1836లో 'రమసీయానా' అనే గ్రంథం వెలువరించాడు. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల ప్రకటించాడు. ఇంగ్లండులో అది విపరీతంగా చెల్లింది. ఒక ముఠా మనిషి తన నేరాలను తానే తాపీగా చెప్పుకుపోయే ఆ కథనరీతి నుంచే తర్వాతి నవలలు, వాటినుంచి సినిమాలు పుట్టుకొచ్చాయి.

ఒక విషయం మొదటనే స్పష్టం చేసుకోవాలి. హత్యలు కల్పన కావు. బాటసారులు నిజంగానే చనిపోయారు. పూడ్చిన చోట్ల తవ్వితే అస్థికలు దొరికాయి. వలసపాలకులు చెప్పారు గనుక అంతా అబద్ధమని కొట్టివేయడం చంపబడిన ఆ అనామకులకు మరొకసారి అన్యాయం చేయడమే అవుతుంది. చరిత్రకారుల వివాదం హత్యల గురించి కాదు. వాటి వెనుక దేశమంతా వ్యాపించిన ఒకే సమాజం, ఒకే భాష, ఒకే దేవత, ఒకే కర్మకాండ ఉన్నాయన్న సిద్ధాంతం గురించి. 1969లో స్టూవర్ట్ గార్డన్, 1998లో రాధికా సింఘా, 2007లో కిమ్ వాగ్నర్ వేర్వేరు దారులలో ఈ కాగితాలను పరిశీలించారు. యుద్ధాలు ముగిసి కొలువులు ఊడిన సిపాయిలు, పంటలు లేని కాలంలో దారులు కాచిన రైతులు, దోపిడిలో వాటా తీసుకొని నీడనిచ్చిన జమీందార్లు వారి పరిశోధనలలో కనబడతారు. తెర మీది చిత్రం కన్న ఇది చప్పగా ఉంటుంది. బ్రతుకు తెరువు కోసం చేసిన క్రౌర్యంలో కాగడాలు, మంత్రాలు తక్కువ.

మరి ఆ మతతంతు అంతా ఎలా పోగుపడింది? 1836 నాటి చట్టాన్ని చూస్తే కొంత బోధపడుతుంది. థగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, యావజ్జీవ కఠిన కారాగారవాసం విధించవచ్చునని ఆ చట్టం చెప్పింది. చేరినది చట్టం రాక ముందా, తర్వాతా, కంపెనీ రాజ్యం లోపలా, వెలుపలా అన్న తేడా కూడా లేదు. ఫలానా రోజున ఫలానా మనిషిని చంపాడని నిరూపించనక్కరలేదు. అటువంటి చట్టానికి కావలసిన సాక్ష్యం సభ్యత్వం. సభ్యత్వానికి గుర్తులు సంకేతభాష, శకునాలు, పూజ. ఆ గుర్తులను చెప్పినవారు ఎవరు? ప్రాణం దక్కించుకోవడానికి అప్రూవర్లుగా మారిన ఖైదీలు. అడిగేవానికి ఏమి కావాలో చెప్పేవానికి తెలుసు. అంతమాత్రాన వారు చెప్పినదంతా అసత్యం కాదు. అయితే అడగడంలోనే ఒక అచ్చు ఉన్నది. జవాబులు ఆ అచ్చులో పోతపోసుకొని వచ్చాయి.

వారు చెప్పిన తంతులలో ముఖ్యమైనది పికాసుకు చేసే పూజ. గుంతలు తవ్వే పికాసును కడిగి, బొట్టు పెట్టి, పూజించి, బెల్లం పంచుకొని తినేవారట. స్లీమన్ కంటికి ఇది హత్యామతానికి నిదర్శనం. తెలుగు పాఠకునికి ఈ వర్ణన చదివితే మరొకటి గుర్తుకు వస్తుంది. దసరాకు వడ్రంగి ఉలికి, కమ్మరి సుత్తికి, డ్రైవరు బస్సు చక్రానికి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొడతారు. పోలీసు స్టేషనులో తుపాకులకూ ఆనాడు పూజ జరుగుతుంది. బ్రతుకునిచ్చే పనిముట్టును మొక్కడం ఈ దేశంలో అందరి అలవాటు. దారిదోపిడిగాడు కూడా ఈ దేశపు మనిషే గనుక తన పనిముట్టును తానూ మొక్కాడు. అతని వృత్తి ఘోరమైనది. అతని పూజ మామూలుది. ఘోరమైన వృత్తికి మామూలు పూజను జతచేసి, పూజవల్లనే హత్య పుట్టిందని చెప్పడంలో తర్కం తలక్రిందులయింది. ముస్లిములైన థగ్గులు కూడా భవానిని కొలవడం అధికారులకు మరింత వింతగా తోచింది. మొహర్రంలో పీర్లను హిందువులు ఎత్తుకొనే పల్లెలలో పెరిగినవారికి అందులో వింత ఏమీ కనిపించదు.

ఈ తలక్రిందుల తర్కాన్ని సినిమా మరొక మెట్టు పైకి తీసుకుపోయింది. స్పీల్‌బర్గ్ చిత్రంలో పూజారి బలిమనిషి గుండెను చేత్తో పెరికి తీస్తాడు. స్లీమన్ కాగితాలలో సైతం ఇటువంటి ఆచారం లేదు. ఉరిరుమాలు తప్ప నెత్తురు చిందించే ప్రసక్తి ఆ వాఙ్మయంలో అరుదు. అంతకన్న ఆలోచింపజేసే పాత్ర మరొకటి ఆ చిత్రంలో ఉంది. పంకోట్ సంస్థానపు దివాను చత్తర్ లాల్ విద్యావంతుడు, మృదుభాషి. విందులో థగ్గుల ప్రస్తావన వచ్చినప్పుడు అవన్నీ పల్లెటూరి పుకార్లని, పాత కథలని అతడు కొట్టివేస్తాడు. కాసేపటికి అతడే నేలమాళిగలోని తంతులో భాగస్వామిగా కనబడతాడు. వలసకాలపు కథను సందేహించిన ఏకైక భారతీయుడు చివరకు ఆ కథలోని దోషిగా తేలతాడు. అతని నిరాకరణే అతని నేరానికి ఋజువుగా మారింది.

రహస్యసమాజపు ఆరోపణలోని అసలు విషం ఇదే. ఇతర ఆరోపణలకు జవాబు చెప్పవచ్చు. దొంగతనం చేశావంటే ఆ రాత్రి ఎక్కడ ఉన్నానో చూపవచ్చు. రహస్యంగా ఏదో కొలుస్తున్నావంటే ఏమి చూపాలి? కనబడకపోవడమే ఆ ఆరోపణకు సాక్ష్యం. ఒప్పుకుంటే దోషి, కాదంటే మరింత గడుసు దోషి. ఈ ఉచ్చులో చిక్కినవాడు ఎంత పెనుగులాడితే అంతగా బిగుసుకుంటుంది.

తెర మీద ఇది రెండు గంటల వినోదం. తెర వెలుపల ఇది చట్టమయింది. వంశపారంపర్యంగా నేరం చేసే సమాజాలుంటాయన్న ఊహ థగ్గుల వ్యవహారంలో బలపడి, 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టంగా రూపుకట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవారితో సహా ఎన్నో సంచారజాతులను పుట్టుకతోనే అనుమానితులుగా పట్టీకెక్కించారు. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుకు అప్పటి ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద స్టూవర్టుపురం అని పేరు వచ్చింది. పట్టీకెక్కినవారు హాజరు వేయించుకోకుండా పొరుగూరి పెళ్లికి పోవడానికి కూడా వీలులేని రోజులవి. స్వాతంత్ర్యానంతరం, 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో ఆ ఊరి పేరును తగిలించుకొన్న చిత్రాలు తెలుగులో రెండు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' విడుదలకు ముందు వచ్చిన అభ్యంతరం హైకోర్టు వరకు వెళ్లింది. ఆ ఊళ్లో పుట్టి, చదువుకొని, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనే యువకుడు ఊరి పేరు రాయవలసిన గడి దగ్గర ఒక్క క్షణం కలం ఆపితే, ఆ క్షణంలో సినిమాకు కూడా వాటా ఉంది.

ఇక్కడ కళాకారుని పక్షాన బలమైన అభ్యంతరం ఒకటున్నది. కల్పనకు చరిత్ర సర్టిఫికెటు అడిగితే కథలు చెప్పడం ఎలా? 'పాతాళభైరవి'లో మాంత్రికుడు సాహసవంతుడైన యువకుని కోసం వెదికి అతణ్ణి బలి ఇవ్వబోలేదా? చివరకు తోటరాముడు ఆ మాంత్రికుణ్ణే బలి ఇవ్వలేదా? 1951 నుంచి తెలుగువారు తరతరాలుగా ఆ చిత్రాన్ని ఆనందించలేదా? ఈ ప్రశ్న న్యాయమైనది. జానపద కథలోని గుహ ఏ పటంలోనూ లేదు. అందులోని మంత్రం ఏ కులానికీ చెందదు. అయినా ఒక చిన్న ముల్లు అక్కడా ఉంది. ఆ మాంత్రికుడు నేపాళ మాంత్రికుడు. తెలుగు ప్రేక్షకునికి నేపాళం అంటే అందరాని దూరానికి గుర్తు మాత్రమే; ఎవరినీ నొప్పించే ఉద్దేశం అందులో లేదు. దూరాన ఉన్నవానికి మంత్రతంత్రాలను అంటగట్టడం మాత్రం కాలిఫోర్నియా కొండలలో మొదలైన అలవాటు కాదని, మన ఇంట్లోనూ ఉన్నదని అది గుర్తుచేస్తుంది.

స్పీల్‌బర్గ్ చిత్రంలో పూజారి మోలారామ్‌గా నటించిన అమ్రీష్ పురి తన ఆత్మకథలో ఇంచుమించు ఇదే వాదం చేశాడు. అది పాత కాలపు ఒక తెగ మీద అల్లిన ఊహాకథ అని, సొంత చిత్రాలలో మనమే ఇటువంటివి చేసుకుంటున్నామని అతని అభిప్రాయం. ఆ మాటలో సత్యం ఉంది. 1968 నాటి హిందీ చిత్రం 'సంఘర్ష్'లో కాశీ పండాల వేషంలో యాత్రికులను కాళికకు బలి ఇచ్చే కుటుంబాన్ని మనవారే చూపారు. అయితే మనమూ చేస్తున్నామన్నది తప్పును పంచుతుందే గాని తగ్గించదు.

ఊహాకథ అని తెలిసి చూస్తే ప్రమాదం లేదన్న వాదానికి జవాబు అనుకోని వైపు నుంచి వచ్చింది. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ 'గంగా దీన్' చూశాడు. అందులో భారతీయులను చూపిన తీరు వక్రమైనదని అతనికి తెలుసు. అయినా తనకు చప్పట్లు కొట్టాలనిపించిందని, నవ్వవలసిన చోట్ల నవ్వానని అతడు నిజాయితీగా రాసుకున్నాడు. ప్రేక్షకుణ్ణి భ్రమలో ముంచే నాటకాన్నే జీవితమంతా ప్రశ్నించినవాని మాట అది. తెలివి మేలుకొని ఉన్నా, లోపలి భయం దానిని అడగకుండానే తన పని తాను చేసుకుపోతుంది.

అట్లయితే నిషేధమే మందా? 1983లో భారత ప్రభుత్వం స్పీల్‌బర్గ్ చిత్రపు కథలో మార్పులు కోరింది. నిర్మాతలు అంగీకరించక శ్రీలంకలో క్యాండీ పరిసరాలకు వెళ్లి చిత్రీకరణ జరుపుకున్నారు. ఇక్కడ ఆ చిత్రం కొంతకాలం నిషేధానికి గురయింది. అభ్యంతరం న్యాయమైనదే. ఫలితం మాత్రం విచిత్రమైనది. ప్రపంచమంతా ఆ గుహను చూసింది. దాని గురించి మాట్లాడగల ప్రేక్షకులే తమ థియేటర్లలో దానిని వెంటనే చూడలేకపోయారు. పైగా రహస్యం మీద నడిచే కథకు నిషేధం మరొక రహస్యాన్ని సమకూర్చి పెడుతుంది. దాచారంటే ఏదో ఉన్నదనే అనుమానంతోనే కదా ఆ కథ మొదలయింది.

కల్పనకు హక్కు ఉన్నది. ఆ హక్కు కల్పించిన పేర్ల మీద సంపూర్ణమైనది. బ్రతికి ఉన్న జనుల పేరును, ఊరును, దేవతను అరువు తెచ్చుకొన్నప్పుడు కళాకారుడు ఋణగ్రస్తుడవుతాడు. ఆ ఋణాన్ని పొగడ్తతో తీర్చనక్కరలేదు. దుష్టుని దుష్టునిగానే చూపవచ్చు. హంతకుని హత్యను దాచవలసిన పని లేదు. చేయవలసినదల్లా నిందపడినవాడు కథలోపల మాట్లాడడానికి చోటు విడిచిపెట్టడం, అతడు కాదన్నప్పుడు ఆ కాదనడాన్నే నేరానికి సాక్ష్యంగా మార్చకపోవడం. చత్తర్ లాల్ పాత్రకు దక్కనిది ఆ కొద్దిపాటి చోటే. ఆ చోటు ఉన్న చిత్రంలో ప్రేక్షకుడు తీర్పరిగా కాక వినేవానిగా కూర్చుంటాడు.

'సంఘర్ష్' చిత్రానికి మూలం మహాశ్వేతాదేవి బెంగాలీ రచన. ఆమె సాహిత్యజీవితం తర్వాత నడిచిన దారి ఈ సందర్భంలో స్మరింపదగినది. 1998లో పశ్చిమ బెంగాలులోని పురూలియాలో విముక్తజాతికి చెందిన ఒక శబర యువకుడు పోలీసు కస్టడీలో మరణించాడు. ఆ మరణం మీద న్యాయం కోసం ఆమె పోరాడింది. అదే ఏడాది గణేశ్ దేవి, లక్ష్మణ్ గైక్వాడ్‌లతో కలిసి విముక్త, సంచారజాతుల హక్కుల కోసం ఒక సంస్థను ప్రారంభించింది. ఒకప్పుడు థగ్గుల కథ రాసిన కలమే, థగ్గుల కథనుంచి పుట్టిన చట్టం మిగిల్చిన మచ్చను తుడవడానికి పూనుకొన్నది.

ఆ యువకుని పేరుతోనే అహ్మదాబాదులోని ఛారానగర్‌లో బుధన్ థియేటర్ ఏర్పడింది. ఛారాలు కూడా ఒకనాడు పట్టీకెక్కిన జాతే. ఆ కుటుంబాల యువతీయువకులు అతని మరణాన్నే నాటకంగా కట్టి వీధులలో ఆడారు. ఆ ఆటకు గుహ లేదు, కాగడాలు లేవు, ముసుగు లేదు. పట్టపగలు, నలుగురూ నిలిచిన చోట, తమ ముఖాలతో తామే నిలబడి మాట్లాడారు. నూటయాభై యేళ్లకు పైగా వారి రహస్యం గురించి ఇతరులు చెబుతూ వచ్చారు. వారు స్వయంగా చెప్పడం మొదలుపెట్టిన తర్వాత తేలినదేమంటే, అక్కడ రహస్యం ఏమీ లేదు. అంతవరకు ఎవరూ వారిని అడగలేదు.